ఏడు రికార్డులు, ఒకటే చెయ్యి

కల్పన చేతిరాత గురించి ముందు చెప్పుకోవాలి. ఆ మనిషికి నలుగురిలో పేరు తెచ్చిందీ అదే, కొంప ముంచిందీ అదే. చివ్వెంల అవతల ఆమె పుట్టిన ఊళ్లో ఏడో తరగతికి వచ్చేనాటికే బడి నల్లబల్ల మీద రోజూ తేదీ వేసే పని ఆమెది. పెళ్లికార్డుల మీద పేర్లు ఆమే రాయాలి, గొర్రెల సొసైటీ దరఖాస్తులు ఆమే నింపాలి. అక్షరాలు ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల్లా ఉండేవి. ఒకదాని మీద ఒకటి పడేది కాదు, ఒకటి ముందుకు ఒకటి వెనక్కు జరిగేది కాదు. "అబ్బ, ఏం రాతనే నీది!" అని ఎవరైనా అన్నారంటే ఆ పిల్ల మొహం చూడాలి, దీపం పెట్టినట్టు అయ్యేది. అడిగినవాళ్లకు లేదనడం ఆమెకు చేతకాదు. పొగిడి అడిగితే ఇక చెప్పనే అక్కర్లేదు.

అట్లాంటి కల్పన సూర్యాపేటకు కోడలిగా వచ్చి, పదహారేళ్లుగా ప్రభాకర్ రెడ్డి నడిపే ప్రైవేటు బడిలో యూకేజీ పిల్లలకు చదువు చెబుతోంది. ఆ బడి మొదలైన ఏడాది అది బడిలాగే ఉండేది కాదు. ధాన్యం గోదాములో రేకులు అడ్డం నిలిపి ఇది నర్సరీ, ఇది ఎల్‌కేజీ అన్నారు. పందొమ్మిది మంది పిల్లలు, పద్దెనిమిది మంది ఏడుపు. కల్పన ఒళ్లో ఇద్దరు, వీపు మీద ఒకరు. ఆ ఏడ్చినవాళ్లలో ఒకామె ఇప్పుడు నర్సింగు చదువుతోంది, ఒకడు దామరచర్ల కరెంటు ప్లాంటులో పనికి కుదిరాడు. బజార్లో ఎదురుపడితే ఇప్పటికీ బండి ఆపి "టీచర్" అంటారు. ఆ మాట కోసమే ఆమె బతుకుతోందంటే తప్పు లేదు.

రెండేళ్ల కిందట ఒక రోజు ప్రభాకర్ రెడ్డి ఆమెను గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేయమన్నాడు.

"కల్పనా, పైనుంచి టీచర్ల లిస్టు అడుగుతున్నరు. ఎవ్వలెవ్వలు ట్రైనింగ్ చేసిండ్రు, సర్టిఫికెట్లేవి అని. నీకేం లేదాయె."

"డిగ్రీ ఉన్నది గద సార్."

"డిగ్రీ ఉంటే ఏం జేస్కుంటరు? ట్రైనింగ్ కాయితం గావాలె. నీకు రెండేండ్లు టైమిస్తున్న. ఆ జూన్ కల్లా తెస్తే టీచర్‌వి. తేకపోతే..." ఆయన పెన్ను మూత పెట్టి తీసి, మళ్లీ పెట్టాడు. "ఆయా కింద సూపిస్త. తరగతిల నువ్వే ఉంటవు, ఏం ఫరక్ పడదు. కాయితం మీద మాత్రం ఆయా."

ఏం ఫరక్ పడదట. ఆ మాట ఇంటిదాకా ఆమె వెంటే వచ్చింది. అన్నం ముందు కూర్చుంటే అక్కడికీ వచ్చింది.

భర్త నగేష్ ఆటో నడుపుతాడు, మనసు మంచిది, తొందర ఎక్కువ. "బీఎడ్ చెయ్యరాదే, అందరు గదే జేస్తున్నరు" అన్నాడు.

"బీఎడ్ పెద్ద తరగతులకయ్యా. ఐదు దాకా చెప్పాలంటే డీఎడ్ అంటున్నరు. అంతకన్న చిన్నోళ్లకయితే ప్రీప్రైమరీ డిప్లొమా అని ఉన్నదంట. ఏదయినా రెండేండ్లే. ఇగ ఎంఎడ్ అని ఇంకోటి, అది చదివితే టీచర్లకే టీచర్ అయితరంట."

అత్త ఉప్పలమ్మ గడపలో కూర్చుని కాళ్లు ఒత్తుకుంటోంది. ఆమె చేతుల మీదుగా ఎన్ని గొర్రెలు ఈనాయో లెక్కలేదు. "నేను నలభై ఏండ్లు గొర్లు సాకిన. ఏ గొర్రన్న నన్ను సర్టిఫికెట్ అడిగిందా?" అంది. "పద్నాలుగేండ్లు ముక్కులు తుడిచినదానికి ఇప్పుడు ముక్కు తుడుసుడు నేర్పుతరా, కోడలా?"

"ముక్కు తుడుసుడు కాదత్తా, చదువు."

"రెండూ ఒకటే. ముందల ముక్కు తుడువకపోతే వాడు చదువెట్ల ఇంటడు?"

నవ్వారు ముగ్గురూ. కానీ కల్పన ఆ వారంలోనే దరఖాస్తు పెట్టింది. నలభై దాటిన మనిషి, ఎంట్రన్స్ పరీక్షకు పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చుని రాసింది. సీటు కోదాడలో ఒక ప్రైవేటు కాలేజీలో వచ్చింది, చిన్నపిల్లల డిప్లొమాకే.

ఆ కాలేజీ గుమస్తా తీరు వేరు. "రోజూ రానక్కర్లేదండీ. చాలామంది రారు. పరీక్షలకు కనబడితే సరిపోద్ది. రికార్డు మాత్రం ఉండాలి, అది లేకపోతే నేనేం చెయ్యలేను" అన్నాడు. కల్పన "నేను వస్త సార్" అంటే, ఇదెక్కడి మనిషిరా అన్నట్టు పైనుంచి కిందికి చూశాడు.

రికార్డు అంటే ఏమిటో చెప్పాలి. టీచరు చదువు చదివేవాళ్లు ఒక బడికి వెళ్లి నలభై పాఠాలు నిజంగా చెప్పాలి. ఏ పాఠం ఎట్లా చెప్పారు, ఏ బొమ్మ చూపారు, పిల్లలేమన్నారు, ఏది కుదిరింది, ఏది కుదరలేదు, అన్నీ ఒక లావుపాటి పుస్తకంలో రాయాలి. బడి హెడ్‌మాస్టరు ప్రతి పాఠం కింద సంతకం పెడతాడు. చివర్లో బయటినుంచి ఒక ఎగ్జామినర్ వచ్చి ఆ పుస్తకం చూసి మార్కులు వేస్తాడు. రాసిన నియమం ఇది. జరిగే పద్ధతి ఏమిటంటే, పాఠాలు ఎవరూ చెప్పరు, పుస్తకం ఎవరితోనో రాయిస్తారు, సంతకాలు ఒక్క మధ్యాహ్నంలో అయిపోతాయి.

వారంలో మూడు రోజులు కోదాడ పోవాలంటే ప్రభాకర్ రెడ్డి ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాడు, ఒక మెలిక పెట్టి. ఆయన కోడలు వైష్ణవి అదే కాలేజీలో అదే డిప్లొమా కట్టింది. రేపు బడికి ప్రిన్సిపాల్‌ను చేయాలని ఆయన ఆలోచన. "మా వైష్ణవి రికార్డు నువ్వే సూస్కోవాలె. నీ చేతిరాత ముందల ఎవ్వలు నిలుస్తరు?" అన్నాడు. ఆ రెండో మాట అనకపోతే కల్పన ఒక్కపూటైనా ఆలోచించేదేమో.

ఒకరిది ఒప్పుకున్నాక ఆగుతుందా? తరగతిలో చరిత చూసింది, మోతె ఊరి పిల్ల, కొత్తగా పెళ్లయింది. "అక్కా, నీ అక్షరాలు అచ్చుగుద్దినట్టున్నయ్. నాది గూడ రాయవా?" అంది. తర్వాత ఇంకో నలుగురు. తనది కాక ఆరు. సెలవు రోజుల్లో చాప మీద ఆరు పుస్తకాలు పరుచుకుని, పప్పు ఉడికేలోపు ఒక పాఠం, ఉతికిన బట్టలు ఆరేలోపు రెండు పాఠాలు. మనిషికో రంగు సిరా వాడింది. వైష్ణవిది నీలం, చరితది నలుపు, ఇంకొకరిది ముదురు నీలం, ఒకరికి జెల్ పెన్ను, ఒకరికి బాల్ పెన్ను. రంగు మారితే మనిషి మారినట్టే అనుకుంది పిచ్చిది. ఆరింటిలోనూ బొమ్మల పేజీలో ఒకటే కుందేలు, ఒకటే చెవి వంగి ఉంది. ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు.

తన పుస్తకం మాత్రం అట్లా రాయలేదు. మోతె సర్కారు బడికి పోయి నలభై పాఠాలూ చెప్పింది. కుదరనిది కుదరలేదనే రాసింది. "ఈ రోజు రంగుల పాఠం పాడైంది, మేక లోపలికి వచ్చింది, పిల్లలంతా దాని వెంట పోయారు" అని కూడా రాసింది.

ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్ మిర్యాలగూడలో పడ్డాయి. ఆ పొద్దున ప్రభాకర్ రెడ్డి కారు ఇచ్చాడు. వైష్ణవి ముందు సీట్లో, కల్పన వెనక చార్టుల చుట్టలు ఒళ్లో పెట్టుకుని. దారి పొడవునా వైష్ణవి పాఠాల పేర్లు బట్టీ పడుతూనే ఉంది.

వచ్చిన ఎగ్జామినర్ పేరు కాశీరాం సార్. దామరచర్ల దగ్గరి తండా మనిషి, ఆ తండాలో మొదటగా టీచరైనవాడు, ముప్పై ఏళ్లు చిన్న తరగతులకే చెప్పినవాడు. గొంతు పెద్దది కాదు. పదిన్నరకు పుస్తకాల దొంతర ముందు కూర్చున్నాడు. పన్నెండుకు ఏడు పుస్తకాలు విడిగా తీసి, బల్ల మీద వరసగా పరిచి, ఏడు పేర్లు పిలిచాడు. ఏడో పేరు కల్పనది.

"అమ్మా, మీరు ఏడుగురు. చెయ్యి ఒక్కటి. ఎవ్వలిది?"

ఆయన ఏడు మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు.

"బయట రాయించిండ్రో, మీల ఒకరు రాసిండ్రో నాకు తెల్వది. తిట్టను గూడ తిట్టను. రెండింటికి తలా ఒక కాయితం ఇస్త. మీరు పాఠం చెప్పిన పిల్లలల్ల ఒక్కరి గురించి ఐదు వాక్యాలు రాయుండ్రి. చెయ్యి కలిసినామె ఎవరో తెలుస్తది, పిల్లలను చూసినామె ఎవరో గూడ తెలుస్తది. పోయి అన్నం తినుండ్రి."

అన్నం ఎవరు తిన్నారు? సైకిల్ స్టాండ్ రేకుల కింద ఏడుగురూ గుమిగూడారు. చరితకు ఏడో నెల. నడుము పట్టుకుని గోడకు ఆనుకుంది.

"అక్కా, నువ్వు వంకర రాసినవనుకో, ఎవ్వలది ఎవ్వలతోటి కలువదు. బయట రాయించినమని తలా ఇన్ని మార్కులు కోసి ఇడిసిపెడ్తడు. మల్ల వచ్చే యేడు నేను పిల్లనెత్తుకొని ఈ కోదాడ బస్సులెక్కాల్నా?"

వైష్ణవి ఫోను తెచ్చి కల్పన చెవి దగ్గర పెట్టింది. అవతల ప్రభాకర్ రెడ్డి.

"కల్పనా, నువ్వు తెలివిగల్లదానివి. జర వంకర టింకర రాయి, అంతే. ఏడుగురూ ఒక్క తీరుగుంటే కాలేజోళ్లే మాట్లాడుకుంటరు. ఒక్కదానివి నిలవడితే నీ ఎంక ఎవ్వలుంటరు? నా మాట విను. నీకు మార్కులొచ్చినా రాకపోయినా టీచర్ల లిస్టుల నీ పేరుంటది. ఆయా అన్న మాట ఇగ ఎత్తను."

"సార్..."

"ఆలోచించకు. రాయి."

ఇంతకంటే ఏం కావాలి? ఏ మాట కోసం రెండేళ్లు బస్సుల్లో నిలబడిందో ఆ మాటే ఆయన నోటినుంచి వచ్చేసింది. ఒక్క వంకర రాతతో చరిత బయటపడుతుంది, వైష్ణవి బయటపడుతుంది, తానూ టీచరుగానే ఉంటుంది. కల్పన తల ఊపింది. చరిత ఆమె చెయ్యి రెండు చేతులా పట్టుకుంది.

రెండు గంటలకు తెల్ల కాగితాలు ఇచ్చారు. కల్పన మోతె బడిలోని జైరాం గురించి రాద్దామనుకుంది. ఐదేళ్లవాడు, తండా నుంచి వచ్చేవాడు, ఇంట్లో లంబాడీ మాట, బడిలో తెలుగు మాట. అందుకే మూడు వారాలు నోరు విప్పలేదు. వాడి పేరుతోనే మొదలుపెట్టి, పెన్ను అడ్డదిడ్డంగా పట్టుకుని, వంకరగా "జైరాం" అని రాసింది.

రాసి, చూసింది. జ పొట్ట పగిలి ఉంది, సున్నా కిందికి జారి ఉంది. అచ్చం వాడు మొదటిసారి తన పేరు రాసినప్పటిలాగే ఉంది. ఆ రోజు వాడి వేలు పట్టుకుని ఇసుకలో పదకొండు సార్లు దిద్దించింది. పన్నెండోసారి వాడే రాసి, నోరు తెరిచి, "నేను" అన్నాడు. వాడు తెలుగులో పలికిన మొదటి మాట అది. ఇప్పుడు నలభై మూడేళ్ల మనిషి వాడి పేరును బుద్ధిపూర్వకంగా పాడుచేసి కూర్చుంది.

పక్క బెంచీ వైపు చూసింది. వైష్ణవి కాగితం ఖాళీ. చరిత ఏదో ఒక పేరు రాసి కొట్టేసింది, ఇంకో పేరు రాసి కొట్టేసింది. వాళ్ల పుస్తకాల్లో పిల్లల పేర్లు తానే పెట్టింది, ఉత్తుత్తి పేర్లు. ఆ పిల్లలు ఎక్కడా లేరు. లేని పిల్లలకు చెప్పని పాఠాలు, తన చేత్తో, ముత్యాల్లాగా.

ఆ వంకర పేరు మీద ఒక గీత గీసింది. కింద తన రాతలో జైరాం గురించి ఐదు వాక్యాలు రాసింది. ఆరో వాక్యంగా, "ఈ ఏడు రికార్డులూ నేనే రాశాను" అని రాసి, సంతకం పెట్టి, అందరికంటే ముందు లేచి ఇచ్చేసింది. వెనక చరిత గట్టిగా ఊపిరి పీల్చడం వినబడింది. వెనక్కి తిరిగి చూడలేకపోయింది.

కాశీరాం సార్ ఆమెను వరండాలోకి పిలిచాడు.

"ఆరుగురికి నలభై చొప్పున ఎన్నమ్మా?"

"రెండు వందల నలభై సార్."

"రెండు వందల నలభై పాఠాలు. ఏ పిల్లగాడూ వినలే. రేపు ఈ ఆరుగురు పోయి తరగతిల నిలవడతరు. నిలవడి ఏం జేస్తరు?"

ఆయన ఆమె పుస్తకాన్ని చంకలోనుంచి తీశాడు. "నీది చదివిన. మేక వచ్చింది, పిల్లలు పోయిండ్రు అని రాసినవు చూడు, ముప్పై ఏండ్లల్ల ఏ రికార్డుల నేను మేకను చూడలే. నువ్వు చెప్పినవని తెలుసు. అందుకే నాకు ఇంకా కోపమొస్తుంది. చెప్పుడు తెల్వనోళ్లు రాసిచ్చిండ్రంటే ఒక తీరు. నీకు తెలుసు గద!"

"తప్పయింది సార్."

"రాయించుకున్న తప్పు వాళ్లది, రాసిచ్చిన తప్పు నీది. ఏడూ ఆపుతున్న. ఆర్నెల్లకు మల్ల పరీక్ష ఉంటది. అందరు మల్ల పాఠాలు చెప్పి, ఎవ్వలది వాళ్లు రాసుకొని రావాలె. నువ్వు గూడ."

"ఆర్నెల్లంటే జూన్ దాటిపోతది సార్. నాకు జూన్..." ఏమైనా అంటాడేమోనని ఆమె చూసింది. ఆయన పుస్తకం ఆమె చేతిలో పెట్టి లోపలికి పోయాడు.

సాయంత్రం కాలేజీ గేటు దగ్గర అందరూ తలా ఒక దిక్కు పోయారు. చరిత ఆమె ముందునుంచే నడిచి ఆటో ఎక్కింది, పలకరించలేదు. కల్పనకు ఆ పిల్ల నడక మీదే చూపు. ఏడో నెల, కాళ్లు వాచి ఉన్నాయి. తాను ఒప్పుకోకపోతే ఈ పిల్ల ఏ బడికో పోయి ఏదో చెప్పుకునేది. ఒప్పుకుని ఒకసారి ముంచింది, బయటపెట్టి ఇంకోసారి ముంచింది. ఏది పెద్ద తప్పో ఆమెకు తెలియలేదు. రెండూ ఆమె చేతి మీదే ఉన్నాయి.

వైష్ణవి ఒక్కతే మిగిలింది, కారు కోసం చూస్తూ. ఇద్దరి మధ్య పది అడుగుల దూరం. ఫోను మోగింది. వైష్ణవి ఎత్తి, రెండు మాటలు విని, చెయ్యి చాచి కల్పనకు ఇచ్చింది.

"రేపటినుంచి రాకు" అన్నాడు ప్రభాకర్ రెడ్డి. అరవలేదు. "నీ సామానేమన్న ఉంటే వాచ్‌మెన్ గట్టయ్యతోటి పంపిస్త."

"సరే సార్" అంది. ఇంకేదో అనబోయింది, అవతల పెట్టేశాడు. ఆయా కింద కూడా కాదు, ఇక ఏ లిస్టులోనూ లేదు. ఫోను తిరిగి ఇచ్చేసి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆరుగురి గొంతులు కోసినవు" అంది వైష్ణవి.

"నాది గూడ కోసుకున్న గదమ్మా."

"నీకేంది, నీకు చెప్పుడొస్తది. యాడికి పోయినా పెట్టుకుంటరు." వైష్ణవి కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపమనుకుంది కల్పన, కోపం కాదు. "రేపు యూకేజీకి నన్నే పొమ్మన్నడు మామయ్య. నేనెన్నడన్న పిల్లల ముందల నిలవడ్డనా? ఆ చిన్న చిన్న మొఖాలన్నీ నా దిక్కే చూస్తుంటే నా నోట్ల మాట రాదు, టీచర్. ఎవ్వలకు చెప్పను? ఇంట్ల చెప్తే నవ్వుతరు."

ఎప్పుడూ కల్పనా అనే పిల్ల ఆ రోజు టీచర్ అంది. ఆ సంగతి ఆమెకూ తెలిసినట్టు లేదు.

కల్పన కొంగు తీసి మొహం తుడుచుకుంది. రేపు పొద్దున తొమ్మిదింటికి తన గదిలో ఇరవై ఆరు మంది కూర్చుని ఉంటారు, తను ఉండదు. అప్పటిదాకా అది లోపలికి దిగలేదు. దిగగానే మిగతా అంతా పక్కకు పోయింది.

"విను" అంది. "ముందుగాల ఏం చెప్పకు. కింద కూసో. నిలవడితే వాళ్లకు నీ మోకాళ్లే కనవడ్తయ్. కిటికి కాడ కార్తీక్ ఉంటడు, వానికి కుడిచెవి సరిగ వినరాదు, ఎడమ దిక్కు కూసొని మాట్లాడాలె. వాళ్లమ్మకే ఇంకా తెల్వది, నేను రెండు సార్లు చెప్పిన, నమ్మలే. మల్ల చెప్పు. సందీప్ కొడ్తడు. కొట్టినప్పుడు తిట్టకు, వాని చేతికి డస్టరియ్యి, బోర్డు తుడుస్తడు, మర్సిపోతడు. బిచ్చా అని ఉన్నడు, పదిన్నరకు బయటికి పంపాలె, వాడు అడగడు, అడగనీకి సిగ్గు. తడిపినంక అందరు నవ్వుతరు, మల్ల రెండు రోజులు బడికి రాడు."

"పదిన్నరకా?"

"పదిన్నరకు. పదకొండయితే అయిపోయినట్టే."

కారు వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. వైష్ణవి ఎక్కలేదు, డ్రైవరుకు ఆగమని చెయ్యి చూపి, బ్యాగులోంచి ఒక కాగితం తీసి, కారు బానెట్ మీద పెట్టుకుంది.

"ఇంకా?" అంది.

ఇంకా ఇరవై ముగ్గురు ఉన్నారు. కల్పన తలుపు వైపు వరసలో మొదటి పిల్ల దగ్గరినుంచి మొదలుపెట్టింది.